కాన్ఫరెన్స్ బలం: డిసెంబరు లెక్క, మార్చి పరీక్ష

2024 నవంబరు, డిసెంబరు నెలల్లో ఓక్లహోమా విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టు ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది. బహామాస్‌లో జరిగిన టోర్నీలో అరిజోనాను, లూయివిల్‌ను ఓడించి కప్పు కూడా పట్టుకొచ్చింది. జనవరిలో సొంత కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీలో పోరు మొదలైంది. అక్కడ ఆడిన 18 మ్యాచ్‌ల్లో గెలిచినవి 6, ఓడినవి 12. ఆటగాళ్లు వాళ్లే, కోచ్ ఆయనే. మూడింట రెండు వంతులు ఓడిన ఆ జట్టును మార్చిలో జాతీయ టోర్నీకి పిలిచారు. పిలవడమే కాదు, 9వ సీడ్ కూడా ఇచ్చారు. అదే కాన్ఫరెన్స్‌లో సరిగ్గా 6-12తోనే ముగించిన టెక్సస్‌కూ చోటు దక్కింది. మొత్తం 16 జట్లున్న ఎస్‌ఈసీ నుంచి ఆ ఏడు 14 జట్లు టోర్నీ ఆడాయి. అంతకు ముందు రికార్డు 2011లో బిగ్ ఈస్ట్ పంపిన 11. ఎస్‌ఈసీలో మిగిలిపోయినవి రెండే: 3-15తో ఎల్‌ఎస్‌యూ, 2-16తో సౌత్ కరోలినా.

ఇది న్యాయమా, కాన్ఫరెన్స్ పేరు చూపించి చేసిన దబాయింపా? అమెరికాలో ప్రతి ఫిబ్రవరిలోనూ ఈ తగాదా లేస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన కుటుంబాల పిల్లలు చదివే పెద్ద విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఇందులో వాటా ఉంది. మార్చి వచ్చేసరికి ఆఫీసుల్లో టోర్నీ ఫలితాలు ముందే ఊహించి బ్రాకెట్లు నింపే మనవాళ్లకూ ఈ గోల కొత్తకాదు. అయితే తగాదా పడేవాళ్లలో ఎక్కువమంది చూసేది జనవరి, ఫిబ్రవరి పట్టికలను. అసలు విషయం అక్కడ ఉండదు.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ పురుషుల విభాగంలో 2024-25లో 364 జట్లున్నాయి. ఒక్కొక్కటి సీజన్‌లో ముప్ఫై పైచిలుకు మ్యాచ్‌లు ఆడుతుంది. అందరూ అందరితో తలపడడం జరిగే పని కాదు కనక జట్లన్నీ 31 కాన్ఫరెన్స్‌లుగా విడిపోయి ఉంటాయి. నవంబరు మొదటి వారం నుంచి క్రిస్మస్ దాకా బయటి జట్లతో ఆటలు, కొత్త సంవత్సరం నుంచి మార్చి మొదటి వారం దాకా దాదాపు అన్నీ లోపలి ఆటలే. ఆ తర్వాత ఒక్కో కాన్ఫరెన్స్ సొంత టోర్నీ, ఆపైన 68 జట్ల జాతీయ టోర్నీ. 31 కాన్ఫరెన్స్ టోర్నీల విజేతలకు నేరుగా చోటు, మిగతా 37 చోట్లకు జట్లను ఎంపిక సంఘం తేలుస్తుంది. గొడవంతా ఈ 37 చుట్టూనే.

ఇప్పుడు చిన్న కూడిక. ఎస్‌ఈసీలో 16 జట్లు, ఒక్కోదానికి 18 లోపలి మ్యాచ్‌లు, మొత్తం 144. అంటే గెలుపులు 144, ఓటములు 144. ఎవరు ఎవరిని ఓడించినా ఈ మొత్తం కదలదు. ఒక జట్టు ఖాతాలో పడిన గెలుపు పక్క జట్టు ఖాతాలో ఓటమి. కాబట్టి కాన్ఫరెన్స్ మొత్తంగా గట్టిదా, బోలుదా అనే ప్రశ్నకు జనవరి తర్వాత వచ్చే కొత్త సాక్ష్యం చాలా తక్కువ. దాదాపు సాక్ష్యమంతా డిసెంబరు ముగిసేలోపే పోగుపడుతుంది. ఆ బలాన్ని రెండు నెలలపాటు సభ్యులు తమలో తాము పంచుకుంటారు, అంతే. టీవీ విశ్లేషకులు ఫిబ్రవరిలో “ఈ కాన్ఫరెన్స్‌లో ఏ రాత్రీ తేలిక కాదు” అంటూ ఊగిపోతారు. చిట్టచివరి కాన్ఫరెన్స్‌లో కూడా ఏ రాత్రీ తేలిక కాదు. సమానులు తలపడితే ఎక్కడైనా అంతే.

ఎస్‌ఈసీకి ఆ సాక్ష్యం దండిగానే ఉంది. 2024-25లో బయటి జట్లతో ఆడిన మ్యాచ్‌ల్లో ఆ కాన్ఫరెన్స్ జట్లు 185 గెలిచి 23 ఓడాయి. వీటిలో చాలావరకు డబ్బిచ్చి సొంత కోర్టుకు పిలిపించుకున్న చిన్న కాలేజీల మీదివే. పెద్ద జట్లన్నీ చేసే పనే అది, చిన్న కాలేజీల క్రీడా ఖర్చులకు ఆ డబ్బే ఆధారం. వాటిని పక్కన పెట్టినా, మరో పెద్ద కాన్ఫరెన్స్ ఏసీసీతో డిసెంబరులో రెండు రాత్రులు జరిగిన ముఖాముఖి పోటీలో ఎస్‌ఈసీ 14-2తో గెలిచింది. డ్యూక్, నార్త్ కరోలినా ఉన్న ఏసీసీ అంటే ఒకప్పుడు ఈ ఆటకు కంచుకోట. ఆ రెండు రాత్రుల్లో దాని రెండు విజయాలు డ్యూక్ ఆబర్న్‌ను ఓడించడం, క్లెమ్సన్ కెంటకీని ఓడించడం. ఆ తర్వాత ఏసీసీ జట్లు జనవరి, ఫిబ్రవరిల్లో ఎంత బాగా ఆడినా ఆ 14-2ను చెరిపేసుకునే దారి లేదు, ఎందుకంటే ఆడుతున్నది తమలో తామే. 18 జట్లున్న ఏసీసీ నుంచి చివరికి టోర్నీకి వెళ్లినవి నాలుగే.

ప్రత్యర్థి స్థాయిని బట్టి స్కోరుకు విలువ కట్టడం మనకు తెలియనిది కాదు. 2024 జనవరిలో హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టి 366 దాకా వెళ్లాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్లో అంత వేగంగా ట్రిపుల్ కొట్టినవాడు లేడు. చప్పట్లు కొట్టినవాళ్లే “అయినా అది ప్లేట్ గ్రూపు కదా” అన్నారు. అంతకు ముందు సీజన్‌లో ఎలైట్ నుంచి జారిన హైదరాబాద్ ఆ ఏడు ప్లేట్ గెలిచి తిరిగి పైకొచ్చింది. రంజీలో ఎలైట్, ప్లేట్ అని గీత గీసి ఉంటుంది, ఎక్కాలన్నా దిగాలన్నా నియమం ఉంటుంది. అమెరికా కాలేజీ ఆటలో అలాంటి గీత లేదు. ఎవరిది ఎలైట్, ఎవరిది ప్లేట్ అన్నది ఏటా లెక్కగట్టి తేల్చుకోవాల్సిందే.

ఆ లెక్కకు పెద్ద చరిత్రే ఉంది. 1981 నుంచి 2018 వరకు సంఘం చేతిలో ఉన్న కొలమానం ఆర్‌పీఐ. జట్టు గెలుపు శాతానికి పావు వంతు, దాని ప్రత్యర్థుల గెలుపు శాతానికి సగం, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులకు మిగతా పావు. అంటే నువ్వెలా ఆడావనే దానికన్నా ఎవరితో ఆడావనే దానికి మూడు రెట్లు విలువ. ఒక పాయింటుతో గెలిచినా నలభైతో గెలిచినా ఒకటే. తెలివైన కాన్ఫరెన్స్‌లు దీని కిటుకు త్వరగానే పట్టేశాయి. మరీ అట్టడుగు జట్లను మానేసి, ఓడించడానికి వీలైనవీ తమ సొంత చిన్న కాన్ఫరెన్స్‌లో బాగా గెలిచేవీ చూసి పిలిపించుకుంటే చాలు, అంకెలు తమంతట తామే పెరుగుతాయి.

2018-19లో వచ్చిన నెట్ ర్యాంకింగ్ ఆ జబ్బును కొంత నయం చేసింది, ఇంకో జబ్బు తెచ్చింది. 2020లో దాన్ని సవరించి రెండే భాగాలు ఉంచారు: ఎవరిని ఎక్కడ ఓడించారన్నది ఒకటి, ప్రత్యర్థి స్థాయిని బట్టి సవరించిన పాయింట్ల తేడా రెండోది. మొదట గెలుపు తేడాకు పెట్టిన పది పాయింట్ల పరిమితి కూడా ఆ సవరణతోనే పోయింది. దాంతో చిన్న జట్టును పాతికతో ఓడించడం కన్నా నలభై అయిదుతో ఓడించడం లాభమైంది. 2023-24లో బిగ్ 12 జట్లు నవంబరులో బలహీనులను పిలిపించి కుమ్మేసి అంకెలు పెంచుకున్నాయని పక్క కాన్ఫరెన్స్ కోచ్‌లు బాహాటంగానే అన్నారు. అందులో నిజం ఉంది. కానీ ఆ ఫిర్యాదు చేసినవాళ్లూ అదే పని చేస్తారు, కాస్త తక్కువ పట్టుదలతో.

వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రజ్ఞుడైన కెన్ పొమెరాయ్ సొంతంగా నడిపే కెన్‌పామ్ లెక్క మరోలా ఉంటుంది. వంద దఫాలు బంతి చేతికొస్తే ఎన్ని పాయింట్లు సాధిస్తారు, ఎన్ని ఇస్తారు అన్నది ప్రత్యర్థిని బట్టి సవరించి చెబుతుంది. కాన్ఫరెన్స్ బలానికి ఆయన ఇచ్చిన నిర్వచనం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. ఆ కాన్ఫరెన్స్‌లో అందరితోనూ ఆడి సరిగ్గా సగం గెలవాలంటే ఒక జట్టు ఎంత మంచిదై ఉండాలి? అదే దాని బలం. సభ్యులందరి సగటు తీస్తే అడుగున ఉన్న రెండు అధ్వాన్నపు జట్లు మొత్తాన్ని కిందికి లాగేస్తాయి. టోర్నీకి ఎన్ని వెళ్లాయో లెక్కపెడితే ఎంపిక సంఘం అభిప్రాయాన్నే తిరిగి దానికి సాక్ష్యంగా చూపినట్టవుతుంది. సగం గెలిచే జట్టును కొలబద్దగా పెట్టడంలో ఈ రెండు లోపాలూ తగ్గుతాయి.

కాన్ఫరెన్స్ బలం ఒక జట్టు మధ్య సీజన్ రికార్డులోకి ఎలా పాకుతుందో చూడాలంటే క్వాడ్రంట్ల పద్ధతి చూడాలి. నెట్ పట్టిక ప్రకారం సొంత కోర్టులో 30లోపు ర్యాంకు జట్టుతో, తటస్థ కోర్టులో 50లోపు జట్టుతో, ప్రత్యర్థి కోర్టులో 75లోపు జట్టుతో ఆడితే అది మొదటి క్వాడ్రంట్ మ్యాచ్. డిసెంబరు చివరికి ఒక కాన్ఫరెన్స్‌లో పది పన్నెండు జట్లు 50లోపు చేరాయనుకోండి. ఇక జనవరిలో బయటూరు వెళ్లిన ప్రతిసారీ దాదాపు మొదటి క్వాడ్రంట్ అవకాశమే. ఓడితే పెద్ద నష్టం లేదు, గెలిస్తే పండగ. వారానికి రెండు లాటరీ టిక్కెట్లు ఉచితం. ఓక్లహోమాకు 6-12 మచ్చ కాకుండా పోయింది ఇందుకే. చిన్న కాన్ఫరెన్స్ జట్టుకు అదే జనవరిలో ప్రతి బయటి మ్యాచ్ ఓ ఉచ్చు. గెలిస్తే ఎవరికీ పట్టదు, ఓడితే ఫిబ్రవరిలో ఆ ఒక్క ఓటమినే అందరూ ఎత్తి చూపుతారు.

2024లో ఇండియానా స్టేట్‌కు పట్టిన గతి అదే. 28 గెలుపులు, నెట్ పట్టికలో మొదటి 30లో చోటు. మిసోరి వ్యాలీ కాన్ఫరెన్స్ ఫైనల్లో డ్రేక్ చేతిలో ఓడింది, ఆ ఒక్క సాయంత్రంతో తలుపు మూసుకుంది. 2025లో దీనికి తిరగేసిన కథ. నార్త్ కరోలినా మొదటి క్వాడ్రంట్‌లో 13 ఆడి ఒక్కటే గెలిచి కూడా చివరి చోట్లలో ఒకటి దక్కించుకుంది. ఎంపిక సంఘం అధ్యక్షుడు అదే విశ్వవిద్యాలయం క్రీడా డైరెక్టర్ కావడం పుండు మీద కారం. తన సొంత జట్టు చర్చకొచ్చినప్పుడు ఆయన గదిలో ఉండకూడదన్నది నియమం, అయినా జనం నోరు ఎవరు మూయగలరు? అరిజోనాను, గొంజాగాను, కాన్సస్‌ను ఓడించి కూడా బయట మిగిలిపోయిన వెస్ట్ వర్జీనియా తరఫున ఏకంగా ఆ రాష్ట్ర గవర్నరే విలేకరుల సమావేశం పెట్టాడు. బాస్కెట్‌బాల్ కోసం గవర్నర్లు మైకు ముందుకు రావడం అక్కడ కూడా అరుదే.

ఈ ఉచ్చు నుంచి బయటపడే దారి లేకపోలేదు. వాషింగ్టన్ రాష్ట్రం స్పోకేన్‌లోని గొంజాగా పావు శతాబ్దంగా చూపిస్తున్నది అదే. దాని వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్ బలహీనమని కోచ్ మార్క్ ఫ్యూకు తెలుసు. అందుకే నవంబరు, డిసెంబరుల్లో ఎక్కడ పెద్ద జట్టు దొరికితే అక్కడికి వెళ్లి ఆడి వస్తాడు. జనవరిలో కాన్ఫరెన్స్ ఇవ్వలేని సాక్ష్యాన్ని ముందే కూడబెట్టుకుంటాడన్నమాట. 1999 నుంచి ఆ జట్టు లేని జాతీయ టోర్నీ లేదు, 2017లోనూ 2021లోనూ ఫైనల్ ఆడింది. ఇండియానా స్టేట్‌కు ఈ సలహా ఇవ్వడం మాత్రం తేలిక కాదు. పేరు రాకముందు పెద్ద జట్లు పిలవవు, పేరొచ్చాక ఓడిపోతామని భయపడి పిలవవు.

డిసెంబరు సాక్ష్యమే పలచనైతే ఏమవుతుందో 2020-21 చూపించింది. కోవిడ్ వల్ల బయటి మ్యాచ్‌లు చాలావరకు రద్దయ్యాయి, జట్లు దాదాపు కాన్ఫరెన్స్‌కే పరిమితమయ్యాయి. ఆ కొద్దిపాటి సాక్ష్యంతో బిగ్ టెన్ దేశంలోకెల్లా గట్టిదని కంప్యూటర్లు, జర్నలిస్టులు, సంఘం అందరూ ఒప్పుకున్నారు. తొమ్మిది జట్లకు చోటిచ్చారు. వాటిలో చివరి పదహారు దాకా వెళ్లింది మిషిగన్ ఒక్కటే. మొదటి సీడ్ ఇల్లినాయిని లొయోలా షికాగో ఇంటికి పంపింది, రెండో సీడ్ ఒహాయో స్టేట్‌ను ఓరల్ రాబర్ట్స్ మొదటి రోజే ఓడించింది. ఎవరూ పట్టించుకోని పాక్-12 నుంచి వెళ్లింది అయిదు జట్లు. వాటిలో నాలుగు చివరి పదహారులోకి, మూడు చివరి ఎనిమిదిలోకి చేరాయి. సీజన్‌కు ముందు అంచనాల్లో ఆ కాన్ఫరెన్స్‌లో అందరికన్నా అడుగున ఉన్న ఒరెగాన్ స్టేట్ కూడా ఆ ముగ్గురిలో ఒకటి. యూసీఎల్ఏ అయితే ప్రాథమిక రౌండ్ నుంచి మొదలుపెట్టి ఫైనల్ ఫోర్ దాకా ఎగబాకింది. రెండు నెలలపాటు బిగ్ టెన్ జట్లు ఒకరినొకరు ఓడించుకుంటుంటే, ప్రతి ఓటమీ “గట్టి జట్టు చేతిలో ఓటమి”గా, ప్రతి గెలుపూ “గట్టి జట్టుపై గెలుపు”గా నమోదైంది. పునాది సరిగా కొలవకుండానే పై అంతస్తులన్నీ లేచాయి.

ఇక ఒక్కో జట్టు మధ్య సీజన్ ఆట. ఇక్కడ పొరపాటు అంచనాలు ఇంకా ఎక్కువ. 2022-23లో కనెటికట్ 14-0తో దూసుకొచ్చి, ఆ తర్వాత ఎనిమిదింట ఆరు ఓడింది. జనవరి చివర ఆ జట్టును పెద్దగా లెక్కలో వేసుకున్నవాడు లేడు. నాలుగో సీడ్‌తో టోర్నీకి వెళ్లి ఆరు మ్యాచ్‌లూ రెండంకెల తేడాతో గెలిచింది. ఫైనల్లో శాన్ డియేగో స్టేట్‌ను 76-59తో ఓడించింది. మరుసటి ఏడూ కప్పు వాళ్లదే. గెలుపోటముల వరసలో కనబడని విషయం పాయింట్ల తేడాలో, ఓటముల్లో చాలావరకు ప్రత్యర్థి కోర్టుల్లోనే వచ్చాయన్న దానిలో ఉంది. సొంత కోర్టు విలువ సుమారు మూడు పాయింట్లని చాలాకాలంగా ఉన్న అంచనా. దగ్గరి మ్యాచ్‌ల్లో అది చాలు ఫలితం తారుమారు కావడానికి.

అయితే ప్రతి జనవరి పతనమూ భ్రమ కాదు. 2017-18లో ట్రే యంగ్ ఉన్న ఓక్లహోమా (అప్పటికి అది బిగ్ 12లో ఉంది) మొదటి 16లో 14 గెలిచింది. అతను పాయింట్లలోనూ అసిస్టుల్లోనూ దేశంలోనే మొదటివాడు. బిగ్ 12 జట్లు రెండోసారి ఎదురుపడేసరికి అతన్ని ఎలా చుట్టుముట్టాలో నేర్చేసుకున్నాయి. కాన్ఫరెన్స్‌లో 8-10, టోర్నీలో పదో సీడ్, మొదటి మ్యాచ్‌లోనే రోడ్ ఐలండ్ చేతిలో ఓటమి. కనెటికట్ తప్పటడుగుకూ దీనికీ తేడా ఏమిటంటే, అక్కడ లోతైన జట్టు కొన్నాళ్లు తడబడింది, ఇక్కడ ఒక్కడి మీద నిలిచిన జట్టు గుట్టు రట్టయింది. పట్టికలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపలి ఆటల అసలు ఉపయోగం ఇదేనని నాకనిపిస్తుంది. అవి కాన్ఫరెన్స్ బలాన్ని చెప్పవు, జట్టు లోపాన్ని బయటపెడతాయి. ఒకే ప్రత్యర్థి రెండుసార్లు చదివి వచ్చి ఆడే పరీక్ష నవంబరులో దొరకదు.

మార్చి ఫలితాలతో కాన్ఫరెన్స్ బలాన్ని తేల్చేయడం కూడా తొందరపాటే. నలభై నిమిషాల నాకౌట్‌లో సగటులు తేలవు. 2024లో మౌంటెన్ వెస్ట్ ఆరు జట్లను పంపితే చివరి పదహారుకు చేరింది శాన్ డియేగో స్టేట్ ఒక్కటి. బిగ్ ఈస్ట్ పంపిన మూడూ చేరాయి. ఏసీసీ నుంచి వెళ్లిన అయిదింట నాలుగు చేరాయి, అందులో నార్త్ కరోలినా స్టేట్ కాన్ఫరెన్స్‌లో పదో స్థానంలో నిలిచిన జట్టు. అయిదు రోజుల్లో అయిదు గెలిచి కాన్ఫరెన్స్ టోర్నీ కప్పు కొట్టకపోతే దానికి చోటే లేదు. చివరికి ఫైనల్ ఫోర్ ఆడింది. సరిగ్గా అలాగే 2011లో బిగ్ ఈస్ట్‌లో 9-9తో ఉన్న కనెటికట్, కెంబా వాకర్ భుజాల మీద అయిదు రోజుల్లో అయిదు గెలిచి జాతీయ కప్పు దాకా వెళ్లింది. ఆ ఏడు బిగ్ ఈస్ట్ పంపిన పదకొండింట చివరి పదహారుకు చేరినవి రెండే. ఛాంపియన్ అదే కాన్ఫరెన్స్ నుంచి, వైఫల్యమూ అదే కాన్ఫరెన్స్ నుంచి. ఎవరికి కావలసిన వాదన వాళ్లు ఏరుకోవచ్చు.

మరి ఎస్‌ఈసీ 14? మొదటి మ్యాచ్‌ల్లోనే ఆరు జట్లు ఇంటిదారి పట్టాయి, ఓక్లహోమా, టెక్సస్ సహా. గెలిచిన ఎనిమిదింట ఏడు చివరి పదహారుకు చేరాయి. వాటిలో కాన్ఫరెన్స్‌లో మొదటి అయిదూ ఓడి 8-10తో ముగించిన ఆర్కన్సా ఒకటి. నాలుగు చివరి ఎనిమిదిలోకి, రెండు ఫైనల్ ఫోర్‌లోకి. ఫ్లోరిడా శాన్ ఆంటోనియోలో హ్యూస్టన్‌ను 65-63తో ఓడించి కప్పు తీసుకుంది. నా లెక్కలో డిసెంబరు తీర్పు పైభాగానికి అక్షరాలా నిజమైంది. కాన్ఫరెన్స్ బలం వెలుగులో నిలబడ్డ ఆఖరి రెండు మూడు జట్లకు మాత్రం అరువు తెచ్చుకున్న మర్యాద దక్కింది. సంఘం ఎంచాల్సింది జట్లను, కాన్ఫరెన్స్‌లను కాదు. 2024-25 నుంచి సంఘం కాగితాల్లో చేర్చిన కొత్త అంకె దీనికి కొంత పనికొస్తుంది. టోర్నీ అంచున ఉండే సగటు జట్టు ఇదే షెడ్యూలు ఆడితే ఎన్ని గెలిచేది, ఈ జట్టు అంతకన్నా ఎన్ని ఎక్కువ గెలిచింది అని అది అడుగుతుంది. పాయింట్ల తేడాను అసలు పట్టించుకోదు కనక బలహీనుడిని నలభై అయిదుతో కుమ్మినా ఒరిగేదేమీ ఉండదు. కానీ ఆ ప్రత్యర్థుల విలువ కట్టడానికి అది కూడా డిసెంబరులో పోగైన ర్యాంకుల మీదే ఆధారపడుతుంది.

2025లో చివరి పదహారు జట్లూ నాలుగే కాన్ఫరెన్స్‌ల నుంచి వచ్చాయి: ఎస్‌ఈసీ ఏడు, బిగ్ టెన్ నాలుగు, బిగ్ 12 నాలుగు, ఏసీసీ నుంచి డ్యూక్ ఒక్కటి. చిన్న కాన్ఫరెన్స్ ఒక్కటీ లేదు. 2021 నుంచి ఆటగాళ్లు ఏడాది కూర్చోకుండానే కాలేజీ మారే వీలు వచ్చింది. అదే ఏడు జులై నుంచి తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకునే వీలూ వచ్చింది. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించవచ్చు, మొదటి ఏడాది పరిమితి ఒక్కో విద్యాసంస్థకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. చిన్న కాలేజీలో మెరిసిన కుర్రాడు మరుసటి ఏడు ఎస్‌ఈసీలో తేలుతున్నాడు. టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీకి, యూసీఎల్ఏ మరో మూడు జట్లతో కలిసి బిగ్ టెన్‌కు, స్టాన్‌ఫర్డ్ ఏసీసీకి వెళ్లిపోయాక పెద్ద కాన్ఫరెన్స్‌లు 16, 18 జట్ల దాకా ఉబ్బాయి. లోపల ఆడాల్సిన మ్యాచ్‌లు పెరిగితే బయటివాళ్లతో పోల్చి చూసుకునే మ్యాచ్‌లు తగ్గుతాయి.

ఈ లెక్క అందరికన్నా ముందు తలకెక్కింది దెబ్బ తిన్నవాళ్లకే. 14-2 ఓటమి, నాలుగే చోట్లు చూసిన ఏసీసీ, 2025-26 నుంచి కాన్ఫరెన్స్ మ్యాచ్‌లను 20 నుంచి 18కి తగ్గించుకుంది. మిగిలిన ఆ రెండు తేదీలను బయటి జట్లతో నింపుకునే పని ఇప్పుడు ఆయా కోచ్‌లదే.